మరిచిపోతున్న నాన్నలో సాక్షి ఉన్నాడా?

ప్రశ్న

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు పద్నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అంతా ఇక్కడ ఇవ్వడం కుదరదు కనుక సారాంశం చెబుతాను.

ఆవిడ వయసు నలభై మూడు. బ్యాంకులో ఉద్యోగం. నాన్నగారు షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం మేడ మీద చాపలు పరిచి, పది పన్నెండు మందికి ఉపనిషత్తులు చెప్పేవారు. అందులోనూ మాండూక్యం అంటే ఆయనకి ప్రాణం. "తెలిసేవి మారతాయి, తెలుసుకునేవాడు మారడు" అన్న మాట ఆయన నోట ఎప్పుడూ ఉండేది. ఆ మారని తెలుసుకునేవాడికే సాక్షి అని పేరు. ఈవిడ ఆ మాట వింటూనే పెరిగారు. రెండేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి కానీ మతిమరుపు మొదలైంది. ఇప్పుడు కూతుర్ని చూసి "ఎవరమ్మా మీరు?" అంటున్నారు.

బెంగళూరులో ఉండే తమ్ముడు ఫోనులో అన్నమాట ఇది: "మెదడులో రక్తం అందని చోటల్లా నాన్న కొంచెం కొంచెం పోయాడక్కా. మారనివాడు ఒకడుంటే వాడేడీ? చైతన్యమంటే మెదడు చేసే పని, అంతే. మిగతాది ఇంకో ఐదేళ్ళలో సైన్సే తేలుస్తుంది." బ్యాంకులో తోటి ఉద్యోగి ఒకాయన సెలవు రోజుల్లో పాత బౌద్ధారామం ఉన్న తొట్లకొండ వెళ్ళి ధ్యానం చేసుకుంటారు. ఆయనేమో "అసలు నేను అనేదే లేనప్పుడు పోయిందెవరండీ?" అన్నారు. ఎలక్ట్రాన్‌లో కూడా రవ్వంత చైతన్యం ఉంటుందని ఈవిడ ఒక ఉపన్యాసంలో విన్నారు. అప్పటినుంచి రాత్రి పదకొండు దాటాక నోటుబుక్కు తెరిచి, గళ్ళు గీసి, ఒక్కో సిద్ధాంతాన్నీ ఒక్కో గడిలో నింపుతున్నారు: సృష్టి ఎలా మొదలైందంటుంది, చైతన్యం ఎక్కడిదంటుంది, నాన్న ఏమయ్యారంటుంది. "ఏది చివర చదివితే ఆ రాత్రికి అదే నిజమనిపిస్తుంది. తెల్లారేసరికి ఏదీ నిలవదు. మూడు గంటలు కూడా నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

ఆదివారం వచ్చేవాళ్ళు "నాన్నగారి బదులు నువ్వు చెప్పమ్మా" అంటున్నారు. పద్నాలుగేళ్ళ కొడుకు "తాతయ్య లోపల ఉన్నారా అమ్మా?" అని అడిగాడు, ఆవిడ జవాబు చెప్పలేకపోయారు. పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది: తమ్ముడు నాన్నగారిని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్పిద్దాం అంటున్నాడు, "ఆయనకి తేడా ఎలాగూ తెలీదు కదా" అని.

చివరి పేజీలో ఒక ఉదయం సంగతి. కాఫీ ఇస్తుంటే నాన్నగారు తలెత్తి, పాత గొంతుతో "బ్యాంకుకి టైమైపోలేదుటే నీకు?" అన్నారట. అరగంట తర్వాత మళ్ళీ ఎవరో అన్నట్టే చూశారు. "ఆ అరగంట ఏమిటి? ఇందులో ఏ సిద్ధాంతం నిజం?" అని అడిగారు.

సమాధానం

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సిద్ధాంతాల కోసం, రెండోసారి మీ నాన్నగారి కోసం, మూడోసారి పదకొండో పేజీలోని ఆ ఒక్క వాక్యం కోసం. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడిగిన ప్రశ్ననే పట్టుకుందాం. "ఇవన్నీ నీకెందుకమ్మా, కాస్త పడుకో" అని మీకు చాలామంది చెప్పే ఉంటారు. పడుకోవాలి, నిజమే. కానీ తండ్రి కళ్ళల్లో తనని తాను వెతుక్కుంటున్న మనిషికి చైతన్యం గురించిన ప్రశ్న కాలక్షేపం కాదు. దానికి పూర్తి మర్యాదతోనే జవాబు చెప్పాలి.

మీ పట్టికలో మొదటి చిక్కు గళ్ళు గీయడంలోనే ఉంది. వేర్వేరు ప్రశ్నలకి జవాబులు చెప్పేవాటిని మీరు ఒకే వరుసలో కూర్చోబెట్టారు. ఒక గడిలో బిగ్ బ్యాంగ్, పక్క గడిలో, ఉన్నది ఒక్క చైతన్యమే అనే అద్వైతం. సుమారు 1380 కోట్ల ఏళ్ళ కిందట విశ్వం చాలా వేడిగా, చాలా కిక్కిరిసి ఉండేదనీ, అక్కడినుంచి విస్తరిస్తూ చల్లబడుతూ వచ్చిందనీ బిగ్ బ్యాంగ్ చెబుతుంది. 1965లో ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే సన్నటి మైక్రోవేవ్ కాంతి దొరికాక ఆ కథకి గట్టి సాక్ష్యం వచ్చింది. అసలు ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకుంది, ఉన్నది తెలుసుకునే ఎరుక ఎక్కడిది అన్నవి వేరే ప్రశ్నలు. ఆ కథ వాటి జోలికి పోదు. కాబట్టి బిగ్ బ్యాంగ్‌ని ఒప్పుకుని అద్వైతి అద్వైతిగా ఉండొచ్చు, మీ తమ్ముడు మీ తమ్ముడిలాగే ఉండొచ్చు. ఆ గడి కొట్టేయండి. సృష్టి మొదలు గురించి రుగ్వేదం పదో మండలం 129వ సూక్తం, నాసదీయం, ఎక్కడ ముగుస్తుందో మీకు గుర్తుండే ఉంటుంది: పై ఆకాశాన ఉండి దీన్ని చూసేవాడికి తెలుసేమో, లేదా అతనికీ తెలీదేమో అని. అంత పాతకాలంలోనే ఆ ప్రశ్నని అలా తెరిచి ఉంచారంటే, అర్ధరాత్రి నోటుబుక్కులో దాన్ని మూసేయాల్సిన అవసరం మీకు లేదు.

రెండో ప్రశ్నకి, అంటే చైతన్యం ఎక్కడిదన్నదానికి, మీ నాన్నగారు మేడ మీద చెప్పిన మూడు మాటలు సాయపడతాయి. ఆరంభవాదం, పరిణామవాదం, వివర్తవాదం. కారణం నుంచి కార్యం ఎలా వస్తుందనేదానికి మనవాళ్ళు పెట్టుకున్న మూడు దారులు ఇవి. దారాలు కలిస్తే అంతకుముందు లేని బట్ట కొత్తగా పుడుతుందా? పాలు పెరుగైనట్టు కారణమే మారుతుందా? లేక తాడు పాములా కనిపించినట్టు, ఏమీ మారకుండానే మారినట్టు తోస్తుందా? మీ పట్టికలోని ఏడు గళ్ళూ ఈ మూడింటిలో దాదాపుగా ఇమిడిపోతాయి.

మీ తమ్ముడిది మొదటి దారి. ఆరంభవాదం అనే పేరు న్యాయ, వైశేషిక దర్శనాలవాళ్ళది. వాళ్ళు ఆత్మని వేరేగా ఒప్పుకున్నవాళ్ళే, కానీ తర్కం వరస మీ తమ్ముడి వాదానికి సరిపోతుంది. అణువులు ఒక రకంగా కూడితే అంతకుముందు ఎక్కడా లేని ఎరుక కొత్తగా పుట్టిందంటాడు. మనదేశంలో ఈ మాటని సూటిగా అన్నవాళ్ళు చార్వాకులు. తాంబూలం ఉదాహరణ వాళ్ళదే. ఆకు పచ్చన, సున్నం తెల్లన, వక్క గోధుమరంగు. విడిగా ఏదీ ఎర్రన కాదు, నమిలితే నోరు పండుతుంది. మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిస్తే చైతన్యం అలాగే పుడుతుందన్నారు. ఇది చాలా గట్టి వాదన. తమ్ముడి మాటని "నాస్తికపు మాట" అని పక్కన పెట్టకండి. మెదడులో ఫలానా చోట దెబ్బ తగిలితే ఫలానా శక్తి పోవడం మీరు రోజూ కళ్ళారా చూస్తున్నారు. ఏ సిద్ధాంతమైనా దీన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

కానీ ఆ తాంబూలాన్నే ఇంకాస్త నమిలి చూడండి. సున్నమూ వక్కా కలిస్తే ఏ రసాయనం మారి, ఏ కాంతి తిరిగి వస్తుందో రసాయన శాస్త్రం చివరిదాకా చెప్పగలదు. ఆ కాంతి మన కంట్లో పడ్డాక "ఎర్రన" అనిపిస్తుంది చూడండి, ఆ అనిపించడం ఎక్కడిది? తగువంతా దాని గురించే. అంటే చైతన్యం ఎలా పుడుతుందో చూపించడానికి తెచ్చిన ఉదాహరణే, ఎరుపుని చూసే చైతన్యం ఒకటి ముందే ఉందని అనుకుని మొదలవుతోంది. 1974లో థామస్ నేగెల్ అనే తత్వవేత్త గబ్బిలంగా ఉండటం దానికి ఎలా అనిపిస్తుందని అడిగిందీ, 1995లో మరో తత్వవేత్త డేవిడ్ చామర్స్ "కఠిన సమస్య" అని పేరు పెట్టిందీ ఇక్కడే. మెదడు ఏం చేస్తుందో ఎంత చెప్పినా, అది చేస్తున్నప్పుడు లోపల ఏదో అనిపించడం ఎందుకు అన్నది మిగిలే ఉంటుంది.

తమ్ముడు చెప్పిన ఐదేళ్ళ గడువు గురించి ఒక సంగతి. 1998లో క్రిస్టాఫ్ కోచ్ అనే మెదడు శాస్త్రవేత్త ఇదే చామర్స్‌తో పందెం కట్టారు. ఎరుకకి సరిపడే నాడీకణాల గుర్తు ఏదో పాతికేళ్ళలో తేలిపోతుందని ఆయన పందెం. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో అందరి ముందూ ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాల పెట్టె ఇచ్చారు. దీనివల్ల మీ తమ్ముడు తప్పని తేలలేదు. గడువు మాత్రం దాటింది. పైగా ఆ పందెం మెదడులో గుర్తు ఎక్కడుందన్నదాని మీదే. అది దొరికినా "అనిపించడం ఎందుకు" అన్నది అలాగే ఉండేది. ఈ సంగతి తమ్ముడికి చెప్పదలిస్తే గెలిచినట్టు చెప్పకండి. ఆయన కూడా తండ్రిని పోగొట్టుకుంటున్నవాడే. దూరంగా ఉండి, ఫోనులో.

రెండో దారి, ఎలక్ట్రాన్‌లో రవ్వంత ఎరుక. నువ్వుల్లో ఉంది కాబట్టే నూనె వస్తుంది, ఇసుకలోంచి రాదు అంటారు సాంఖ్య దర్శనంవాళ్ళు. వాళ్ళు ఆ తర్కాన్ని జడమైన ప్రకృతి వరకే వాడి, చైతన్యాన్ని పురుషుడని విడిగా పెట్టారు. ఈనాటి సర్వచైతన్యవాదులు అదే తర్కాన్ని చైతన్యం దాకా చాచారు: మనిషిలో ఎరుక ఉందంటే, మనిషి దేనితో తయారయ్యాడో దానిలోనూ ఎంతో కొంత ఉండాలి. తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1927లోనే దీనికి చోటు చేసిపెట్టారు. పదార్థం ఏం చేస్తుందో భౌతికశాస్త్రం చెబుతుంది, దాని లోపలి స్వభావం ఏమిటో చెప్పదు అన్నారు. ఇది నాకు ఇష్టమైన వాదనే, కానీ దీని ఇబ్బంది పెద్దది. కోట్ల కణాల్లో కోట్ల రవ్వల ఎరుక ఉంటే, అవన్నీ కలిసి ఒక్క "నేను" ఎలా అయ్యాయి? పదిమంది పది మాటలు విన్నంత మాత్రాన, మొత్తం వాక్యం తెలిసిన పదకొండోవాడు పుట్టడు కదా. మీ నాన్నగారి విషయంలో ఈ సిద్ధాంతం ఓదార్పుగా కనిపిస్తుంది కానీ ఇచ్చేది తక్కువ. కణాల్లో ఎరుక మిగిలి ఉంది సరే, ఆయన ఏరీ?

శరీరమూ మనసూ రెండు వేరే వస్తువులన్న గడి మీద ఎక్కువ ఆగను. ఫ్రెంచి తత్వవేత్త దేకార్త్ ఆ మాట చెప్పిన కొద్దికాలానికే, 1643లో, బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకి ఉత్తరం రాసి అడిగింది: చోటే లేని మనసు శరీరాన్ని ఎలా కదిలిస్తుందని. తృప్తికరమైన జవాబు ఇవాళ్టికీ లేదు. కుంటివాడు గుడ్డివాడి భుజమెక్కి దారి చూపినట్టు పురుషుడూ ప్రకృతీ కలిసి నడుస్తాయని సాంఖ్యులు అన్నారు. ఆ ఉదాహరణలో ఇద్దరూ మనుషులే. చిక్కు అక్కడే ఉంది.

ఇక మూడో దారి, మీ నాన్నగారిది. మీరు ఎక్కువ బాధపడుతున్నది ఇక్కడే, పొరబడింది కూడా ఇక్కడే అనుకుంటున్నాను. "నాన్న జీవితమంతా నమ్మినదాన్ని ఆయన జబ్బే అబద్ధం చేసింది" అని మీరు రాశారు. చేయలేదమ్మా. జ్ఞాపకం మారదని అద్వైతం ఎప్పుడూ అనలేదు. మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం, ఈ నాలుగూ అంతఃకరణం. అంతఃకరణం జడమే, సూక్ష్మమైన పదార్థమే, దెబ్బ తినేదే. పేర్లు గుర్తుండటం, కూతుర్ని గుర్తుపట్టడం, శ్లోకం అప్పజెప్పడం, "నేను ఫలానా" అనుకోవడం కూడా దాని పనులే. సాక్షి అని వాళ్ళన్నది వీటిలో దేన్నీ కాదు. మెదడు దెబ్బతింటే ఇవన్నీ పోతాయంటే శంకరుల అనుయాయి ఒక్కడూ ఆశ్చర్యపోడు.

అలాగని అద్వైతం గెలిచిందని చెప్పడం లేదు. అది అడిగే ధర కూడా చూడాలి. మీ నాన్నగారిని మీకు నాన్నగా చేసినవన్నీ, ఆ గొంతు, చాపలు పరిచే పద్ధతి, మీ ఆఫీసు టైము మీద ఆయనకుండే బెంగ, అన్నీ అంతఃకరణం ఖాతాలోకే పోతాయి. మిగిలే సాక్షి ఎవరి సాక్షీ కాదు. మీలోనూ ఆయనలోనూ ఒక్కటే. మీరు కోల్పోతున్నది మాత్రం ఆయన్ని. "సాక్షి ఉన్నాడు" అనే మాట నిజమే అయినా ఆ లోటు తీరదు, తీరకపోవడం మీ భక్తి తక్కువై కాదు. ఇంకో చిక్కు తర్కంలో ఉంది. ఉన్నది ఒక్క చైతన్యమే అయితే, దాన్ని అనేకంగా చూసే అవిద్య ఎవరిది? బ్రహ్మానిదంటే బ్రహ్మానికి అజ్ఞానం అంటుకుంటుంది. జీవుడిదంటే, జీవుడే అవిద్య వల్ల పుట్టినవాడు. రామానుజులు అద్వైతం మీద పెట్టిన ఏడు అభ్యంతరాల్లో మొదటిది ఇదే.

రామానుజుల దగ్గర మీకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. ఆయన పేరు మీ పట్టికలో లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. శ్రీవైష్ణవ సంప్రదాయంలో పూజలు జరిగే సింహాచలం మీ ఊళ్ళోనే ఉంది. ఆయన దర్శనమైన విశిష్టాద్వైతంలో జీవుడు స్వయంగా "నేను" అని ప్రకాశించేవాడు. లోకాన్ని తెలుసుకునే జ్ఞానం అతని ధర్మం, దీపానికి వెలుగులాగా. దాన్ని ధర్మభూతజ్ఞానం అంటారు. అది ముడుచుకుంటుంది, విప్పారుతుంది. వెలుగు ముడుచుకున్నంత మాత్రాన దీపం ఆరలేదు. పైగా ఆ "నేను" మీలోని నేను కాదు, ఆయనదే. ఇదే నిజమని నేను చెప్పలేను, రుజువు చేయలేను. మీ ఇంట్లో జరుగుతున్నదాన్ని మీ నాన్నగారిని చెరిపేయకుండా చెప్పిన దర్శనం కాబట్టి, మీకు తెలియాలనిపించింది.

నిద్ర గురించిన వాదన కూడా మీరు మేడ మీద వినే ఉంటారు. "హాయిగా నిద్రపోయాను, నాకేమీ తెలీలేదు" అని లేచాక అంటాం. నిద్రలో ఎవరూ చూడకపోతే ఆ హాయి ఎలా గుర్తుంది, కాబట్టి సాక్షి ఉన్నాడని అద్వైతులు. అది జ్ఞాపకం కాదు, ఒళ్ళు తేలికగా ఉండటం చూసి చేసిన ఊహ అని నైయాయికులు, అంటే న్యాయ దర్శనంవాళ్ళు. కొన్నేళ్ళ కిందట నాకు ఆపరేషన్ జరిగింది. మత్తు ఇస్తూ డాక్టరు ఏదో అడుగుతున్నారు, మరుక్షణం ఇంకో గదిలో ఉన్నాను. మధ్యలో నాలుగు గంటలు. నిద్ర లేచినప్పుడు ఉండే "ఇంతసేపు పడుకున్నాను" అన్న భావం రవ్వంత కూడా లేదు. ఆ రోజునుంచి నైయాయికుల మాటకి నా మనసులో బరువు పెరిగింది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. సాక్షి లేకపోయినా, సాక్షికి చూడటానికి ఏమీ లేకపోయినా, లేచాక నాకు అనిపించేది ఒకటే. అనుభవంతో ఈ తగువు తీర్చుదామని చూసి నేను అక్కడే ఆగిపోయాను.

మీ సహోద్యోగి మాట సరైనదే కావచ్చు, చెప్పిన వేళ సరైనది కాదు. మీరు తొట్లకొండ వెళ్ళినప్పుడు రాతిలో తొలిచిన నీటి తొట్లు చూసే ఉంటారు, ఆ కొండకి పేరు వాటివల్లే వచ్చిందంటారు. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడున్న భిక్షువులకి మాలుంక్యపుత్రుడి కథ తెలియకుండా ఉండదు. లోకం శాశ్వతమా కాదా, జీవమూ శరీరమూ ఒకటా వేరా, ఇవి చెబితేనే నీ దగ్గర ఉంటానని అతను బుద్ధుడిని నిలదీశాడు. విషపు బాణం దిగినవాడు, వేసిందెవరు, ఏ కులంవాడు, విల్లు ఏ కర్రతో చేశారు అని తేల్చుకునేదాకా బాణం తీయనివ్వనంటే, తేలేలోపే ప్రాణం పోతుందన్నాడు బుద్ధుడు. జీవమూ శరీరమూ ఒకటేనా అన్నది ఆయన జవాబు చెప్పకుండా పక్కన పెట్టిన ప్రశ్నల్లో ఒకటని గమనించండి. "నేను లేను" అన్న మాట కూడా బౌద్ధంలో మనుషుల్ని కొట్టేయడానికి పుట్టలేదు. దేనికదిగా నిలిచి ఉండే వస్తువు లేదు, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని పుడతాయని దాని అర్థం. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు ఆ మాటని చివరిదాకా లాగాడు. ఆ చూపుతో చూస్తే మీ నాన్నగారు ఆయన పుర్రెలో మాత్రమే ఎప్పుడూ లేరు. మీతో, మేడతో, ఆదివారంతో కలిసే ఆయన ఆయనయ్యారు.

ఇవన్నీ చెప్పాక మీరు "మరి ఏది?" అంటారు. ప్రతి సిద్ధాంతమూ ఒక చోట "ఇది మాత్రం అడక్కు" అంటుందమ్మా. మీ తమ్ముడిది ఎరుక పుట్టే చోట, సర్వచైతన్యవాదానిది రవ్వలు కలిసే చోట, అద్వైతానిది అవిద్య దగ్గర. మీ పట్టికలో ఒక్క కొత్త గడి గీయండి, ప్రతిదీ ఎక్కడ నోరు మూస్తుందో రాయండి. ఏ మౌనంతో మీరు బతకగలరో మెల్లిగా తెలుస్తుంది. ఏళ్ళు పట్టొచ్చు. అందాకా ఏ పక్షమూ ఎంచుకోకపోయినా తప్పు లేదు. నన్ను అడిగితే, ఎరుకని దేనినుంచీ పుట్టించకుండా మొదటినుంచీ ఉన్నదానిగా ఒప్పుకునే దర్శనాల వైపే నా మొగ్గు. మీ తమ్ముడి వైపు మొగ్గేవాళ్ళలో నాకంటే తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు పదకొండో పేజీ.

"ఆయనకి తేడా ఎలాగూ తెలీదు." పద్నాలుగు పేజీల్లో మీరు తమ్ముడితో చైతన్యం గురించి వాదిస్తున్నారనుకున్నాను. ఆ వాక్యం చదివాక అర్థమైంది, మీరిద్దరూ నాన్నని ఎవరు చూసుకోవాలి అన్న తగువుని చైతన్యం పేరుతో పడుతున్నారు. సాక్షి ఉన్నాడని రుజువైతే నాన్న ఇంట్లోనే ఉండాలి, లేడని తేలితే పంపేయొచ్చు అన్నట్టుగా ఉంది లెక్క. అందుకే మీకు నిద్ర పట్టడం లేదు. ఏ తత్వవేత్తా తేల్చలేని ప్రశ్నని తెల్లారేలోపు తేల్చకపోతే నాన్నని తీసుకుపోతారన్నట్టు చదువుతున్నారు.

ఆ లెక్క తప్పు, ఏ సిద్ధాంతం నుంచి చూసినా తప్పే. చైతన్యం మెదడు పనే అనుకుందాం. దెబ్బతిన్న మెదడు కూడా భయపడుతుంది, నొప్పి పడుతుంది, కసురుకునే గొంతుకీ లాలించే గొంతుకీ తేడా పసిగడుతుంది. పేర్లు పోయిన చాలా రోజులకి కూడా మతిమరుపు ఉన్నవాళ్ళలో ఇవి మిగిలి ఉంటాయి. అలవాటైన చోటు మారితే వాళ్ళ అయోమయం తరచూ పెరుగుతుంది కూడా. కాబట్టి తేడా తెలీదన్న మాట తమ్ముడి సొంత సిద్ధాంతం ప్రకారమే నిలవదు. అద్వైతం వైపునా ఇదే ప్రమాదం ఉంది. "పోయేది ఉపాధే కదా, శరీరమే కదా" అనుకుంటూ మనిషిని పట్టించుకోని ఇళ్ళు లేవా?

కాబట్టి ఆ నిర్ణయాన్ని విడిగా, పగటిపూట, లెక్కల కాగితంతో తీసుకోండి. ఇంట్లోనే ఉంచుకుంటే నాన్నగారికి తెలిసిన గోడలు, తెలిసిన గొంతులు ఉంటాయి. కానీ పగలు బ్యాంకు, రాత్రి ఆయన, మధ్యలో మీరు ఎంతకాలం ఆగుతారు? పగలూ రాత్రీ కేర్‌టేకర్లని పెట్టి, ఖర్చు తమ్ముడు పంచుకుంటే భారం తగ్గుతుంది. కొత్త మనిషి ఇంట్లో కుదురుకోవడానికి సమయం పడుతుంది, మానేసినప్పుడల్లా మళ్ళీ వెతుక్కోవాలి. సంరక్షణ కేంద్రమైతే ఇరవై నాలుగు గంటలూ అలవాటున్న చేతులుంటాయి, మీకు నిద్ర ఉంటుంది. ఆయనకి మొదటి వారాలు కష్టంగా గడవొచ్చు, మీకు "పంపేశాను" అన్న బాధ ఉంటుంది. ముందు చెప్పకుండా వెళ్ళి చూడగలిగే చోటైతేనే ఆలోచించండి. ఇందులో ఏది ఎంచుకున్నా మీరు మంచి కూతురే. తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఒక షరతు పెట్టుకోండి, ఆ సంభాషణలో చైతన్యం అనే మాట ఎవరూ ఎత్తకూడదు. వీలైతే ఆయన్ని ఒక వారం సెలవు పెట్టి రమ్మనండి, మీరు లేకుండా నాన్నగారితో ఉండమనండి. ఆ తర్వాత మాట్లాడితే మాటలు వేరేగా ఉంటాయి.

ఆదివారం సంగతి. నాన్నగారి చోట కూర్చుని ఆయనలాగే చెప్పొచ్చు, వచ్చేవాళ్ళు సంతోషిస్తారు. కానీ నమ్మకం ఊగుతున్నప్పుడు అలా చెప్పడం మిమ్మల్ని లోపల తినేస్తుంది. కొన్నాళ్ళు ఆపేయొచ్చు, మీకు ఊపిరాడుతుంది, కానీ చాపలు ఒకసారి చుట్టేస్తే మళ్ళీ పరవడం కష్టం. మూడో దారి ఉంది. మన శాస్త్రాల్లో ఎదుటివాడి వాదనని, పూర్వపక్షాన్ని, ముందు పూర్తిగా చెప్పాకే సిద్ధాంతం చెబుతారు. ఒక ఆదివారం చార్వాకుల్ని, ఒక ఆదివారం నైయాయికుల్ని, ఒకసారి ఆ బ్యాంకు మిత్రుణ్ణి, ఒకసారి వీడియో కాల్‌లో తమ్ముణ్ణే పూర్వపక్షంగా కూర్చోబెట్టండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం మీకు దగ్గరే. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన, కొత్త సచ్చిదానందమూర్తి తత్వశాస్త్రం బోధించిన చోటు అది. అక్కడి అధ్యాపకులెవరైనా నెలకోసారి రావడానికి ఒప్పుకోవచ్చు, అడగండి. ఇలా చేస్తే ఒకరిద్దరు పెద్దవాళ్ళు నొచ్చుకుని మానేయొచ్చు, దానికి సిద్ధపడాలి. మీరు ఏది చేసినా మొదటి పది నిమిషాలు మాత్రం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని మాండూక్యం పైకి చదవండి. పన్నెండే మంత్రాలు. ఏళ్ళ తరబడి నోటికొచ్చినవి, పేర్లు పోయాక కూడా చాలామందిలో నిలుస్తాయి. పెదవులు కదలొచ్చు, కదలకపోనూవచ్చు.

బాబుకి అబద్ధం చెప్పకండి. "ఉన్నార్రా" అని గట్టిగా చెబితే రేపు మీ గొంతులో అనుమానం వాడే పట్టేస్తాడు. "లేరు" అని చెప్పే హక్కు మీకూ తమ్ముడికీ లేదు. "నాకు తెలీదు నాన్నా, నేనూ అదే వెతుకుతున్నాను, మామయ్య ఇలా అంటాడు, తాతయ్య ఇలా చెప్పేవారు" అని మొత్తం ముందు పెట్టండి. పద్నాలుగేళ్ళవాడికి అది అందుతుంది. తర్వాత తాతయ్య చేతికి కొబ్బరినూనె రాసే పని వాడికి అప్పజెప్పండి.

మీ నిద్ర గురించి ఒక్క మాట. మూడు గంటల నిద్రతో ఎవరికైనా ప్రతి సిద్ధాంతమూ నిజంలాగే, ప్రతిదీ అబద్ధంలాగే తోస్తుంది. నోటుబుక్కు తొమ్మిదింటికి మూసేయండి. రెండు వారాల్లో మార్పు లేకపోతే, ఈ టెన్షన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. అంతదాకా ఆగలేకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సాయం, టెలీ మానస్, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. నాన్నగారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ అరగంట సంగతి కూడా చెప్పండి, వాళ్ళకి అది పనికొచ్చే సమాచారం.

ఆ అరగంట. పక్షవాతం తర్వాత వచ్చే మతిమరుపులో ఇలాంటి హెచ్చుతగ్గులు ఉంటాయి. దాన్ని సాక్షికి రుజువుగా తీసుకోకండి, తమ్ముడు తేలిగ్గానే కొట్టేయగలడు. మెదడు ఆడే ఆటగా తీసేయకండి కూడా. పోయిందనుకున్నది అంతా పోలేదనీ, ఆ ఉదయం దానికి దారి దొరికిందనీ మాత్రం ఇద్దరూ ఒప్పుకోవచ్చు. ఆ అరగంట ఏమిటని అడిగారు కదా. అది నిజమైనదే. మీ నాన్నగారే మిమ్మల్ని అడిగారు, బ్యాంకుకి టైమైపోలేదా అని. ఆ రోజు తేదీ, మీరు కట్టుకున్న చీర రంగు, ఆయన కూర్చున్న కుర్చీ, ఆయన అన్న మాట అన్నట్టుగా రాసిపెట్టండి. ఆ పట్టిక ఉన్న నోటుబుక్కులో వద్దు, వేరే దాంట్లో. తమ్ముడు వచ్చినప్పుడు ముందు అది చదివి వినిపించండి.